లేత్‌కు వర్టికల్ స్లైడ్: కాస్టింగ్ తెచ్చుకోవాలా, దిమ్మ నుంచి కోసుకోవాలా?

ఇంట్లో చిన్న లేత్ పెట్టుకున్నవాళ్లకు కొన్నాళ్లకు ఒకే కొరత తగులుతుంది. గుండ్రటి పనులన్నీ చక్కగా అవుతాయి. షాఫ్ట్‌లో కీ వే (కీ కూర్చునే గాడి) కొయ్యాల్సి వచ్చినప్పుడో, ఒక ముక్కను నలుచదరంగా చెయ్యాల్సి వచ్చినప్పుడో చెయ్యి ఆగిపోతుంది. మిల్లింగ్ మిషన్‌కి చోటు ఉండదు. అప్పుడు చూపు వర్టికల్ స్లైడ్ మీద పడుతుంది. కట్టర్‌ని లేత్‌లో తిరిగే స్పిండిల్‌లో బిగిస్తాం, జాబ్‌ని, అంటే కొయ్యాల్సిన ముక్కను, క్రాస్ స్లైడ్ మీద నిలబెట్టిన ఈ స్లైడ్‌కి బిగిస్తాం. క్యారేజ్ ముందుకూ వెనక్కూ, క్రాస్ స్లైడ్ అడ్డంగా కదుపుతాయి. పైకీ కిందకీ కదిపే పని దీనిది. ఈ మూడూ కుదిరితే చిన్న మిల్లింగ్ పని చాలావరకు లేత్ మీదే అయిపోతుంది.

దాన్ని సొంతంగా చేసుకోవాలనుకున్న రోజు నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది. డ్రాయింగ్‌తో పాటు వచ్చే పోత ఇనుము కాస్టింగుల (అచ్చులో పోసిన ముక్కల) సెట్ తెచ్చుకోవాలా? గట్టి దిమ్మ తెచ్చి అందులోంచి కోసుకోవాలా? ప్లేట్లు కలిపి బిగించుకోవాలా? చెక్కతో ప్యాటర్న్ (అచ్చు తీసే నమూనా) చేసి పోయించుకోవాలా? ఈ దారుల్లో చాలావాటిలో నేను నడిచాను. ఈ ఎంపికను చాలామంది లోహాన్ని బట్టి చేస్తారు: బీడు (పోత ఇనుము) మంచిదా, ఉక్కు మంచిదా, అల్యూమినియం సరిపోతుందా అని. నా అనుభవంలో లోహం రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరు. ఆ ముక్కను మీ లేత్ మీద ఎలా పట్టుకుంటారు? దాని మీద మొదటి చదును ముఖం ఎలా తెస్తారు? దీనికి మీ దగ్గర జవాబు ఉన్న దారే మీకు సరైన దారి.

ఈ సలహా అంతా మిల్లింగ్ మిషన్, షేపర్ (టూల్‌ని ముందుకూ వెనక్కూ నడిపి చదును చేసే మిషన్) లేనివాళ్ల కోసం. ఆ రెంటిలో ఒకటి ఉన్నవాళ్లకు వర్టికల్ స్లైడ్ అవసరం అంతగా ఉండదు.

ముందు మీ లేత్‌ని కొలవండి

ఒక మామూలు వర్టికల్ స్లైడ్‌లో మూడు పెద్ద ముక్కలు ఉంటాయి. క్రాస్ స్లైడ్ మీద కూర్చునే ఎల్ ఆకారపు బ్రాకెట్ ఒకటి, దానికి బిగించే బాడీ ఒకటి, బాడీ మీద పైకీ కిందకీ జారే టేబుల్ ఒకటి. మిగతావి గిబ్ స్ట్రిప్ (జారే ముఖాల మధ్య వదులు సర్దే పట్టీ), స్క్రూ, నట్, డయల్ లాంటి చిన్న భాగాలు. అవి ఏ దారిలోనైనా మామూలు టర్నింగ్ పనులే, వాటి గురించి బెంగ అక్కర్లేదు.

బ్రాకెట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. రెండు రెక్కలూ 100 మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు 75, మందం 15 అనుకోండి. ఒక రెక్క బయటి ముఖాన్ని ఫేస్‌ప్లేట్ (స్పిండిల్‌కి బిగించే గుండ్రటి పలక) మీద ఫేస్ చెయ్యాలంటే, అంటే చదునుగా కొయ్యాలంటే, రెండో రెక్కను లంబకోణపు యాంగిల్ ప్లేట్‌కి బిగించి, ఆ యాంగిల్ ప్లేట్‌ని ఫేస్‌ప్లేట్‌కి బిగించాలి. కొయ్యాల్సిన ముఖం ఒక మూల నుంచి ఎదురు మూలకు 125 మిల్లీమీటర్లే. కానీ యాంగిల్ ప్లేట్ మందం, బోల్టు తలలు కలుపుకుంటే మొత్తం 180 మిల్లీమీటర్ల దాకా తిరుగుతుంది. మీ లేత్ స్వింగ్ (బెడ్‌కి తగలకుండా తిరగగల పెద్ద వ్యాసం) అంతకంటే తక్కువైతే ఆ కాస్టింగ్ ఎంత నాణ్యమైనదైనా మీకు ఆ పద్ధతిలో పనికిరాదు. కొనేముందు అట్టముక్కను ఆ ఆకారంలో కత్తిరించి ఫేస్‌ప్లేట్ మీద పెట్టి చేత్తో తిప్పి చూడండి. పది నిమిషాల పని. ఇది చెయ్యకుండా డబ్బు పెట్టకండి.

రెండో కొలత వేగం. పోత ఇనుముకి హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి సుమారు 20 మీటర్ల వేగం సరిపోతుంది. 125 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర అది నిమిషానికి 51 చుట్లు. బ్యాక్ గేర్ (స్పిండిల్ వేగం బాగా తగ్గించే గేర్లు) లేని చిన్న లేత్‌లు చాలా వాటికి ఇంత తక్కువ వేగం ఉండదు. 100 చుట్లే మీ కనిష్ఠం అయితే ఆ మూలల దగ్గర వేగం నిమిషానికి 39 మీటర్లు. కాస్టింగ్ పైపొర మీద హైస్పీడ్ స్టీల్ పదును ఆ వేగంలో నిలబడదు. కార్బైడ్ తట్టుకుంటుంది. కానీ నాలుగు మూలల ముఖం మీద టూల్ ప్రతి చుట్టులో కొట్టుకుంటూ వెళ్తుంది కాబట్టి కార్బైడ్ అంచు చిట్లే ప్రమాదం ఉంటుంది. పోత ఇనుముకి తయారుచేసిన కె గ్రేడ్ కార్బైడ్ తీసుకుని, పెద్ద నోస్ రేడియస్‌తో, జాబ్‌ని చాలా గట్టిగా బిగించి చేస్తే ఆ పని అవుతుంది.

స్వింగ్ చాలకపోతే ఇంకో పద్ధతి ఉంది. కాస్టింగ్‌ని తిప్పకుండా క్రాస్ స్లైడ్ మీదే బిగించి, స్పిండిల్‌లో ఫ్లై కట్టర్ (ఒకే మొనతో తిరిగే కట్టర్) పెట్టి, క్రాస్ స్లైడ్‌ని అడ్డంగా నడపడం. ఇందులో తిరిగేది చిన్న టూల్ మాత్రమే. జాబ్ ఎత్తు సరిపోయేలా కింద ప్యాకింగ్ పెట్టుకోవాలి, క్రాస్ స్లైడ్ ప్రయాణం ముఖం మొత్తానికీ చాలాలి. చిన్న లేత్ మీద నేను ఎక్కువగా నమ్ముకున్నది ఈ పద్ధతినే. క్రాస్ స్లైడ్‌కి టీ స్లాట్లు (బోల్టు తల జారి పట్టే గాడులు) ఉంటే చాలా తేలిక. లేకపోతే ముందు అక్కడ బోల్టులు పట్టే ఏర్పాటు చేసుకోవాలి.

కాస్టింగ్ ఏమిస్తుంది, ఏమడుగుతుంది

కాస్టింగులూ డ్రాయింగూ తెచ్చుకుని ఇంట్లో మెషినింగ్ చేసుకోవడం పాత సంప్రదాయం. 1898లో పెర్సివల్ మార్షల్ మొదలుపెట్టిన మోడల్ ఇంజనీర్ పత్రిక చుట్టూ పెరిగిన ఇంటి వర్క్‌షాపుల లోకంలో చిన్న ఆవిరి ఇంజన్లు, లేత్ అటాచ్‌మెంట్లు ఎన్నో ఇలాగే తయారయ్యాయి. దీనికి మంచి కారణమే ఉంది. పైన చెప్పిన బ్రాకెట్‌ని గట్టి దిమ్మ నుంచి కొయ్యాలంటే 100 x 100 x 75 దిమ్మ కావాలి. పోత ఇనుములో దాని బరువు 5.4 కిలోలు. పూర్తయిన బ్రాకెట్ 1.5 కిలోలు. అంటే దాదాపు 3.9 కిలోల లోహాన్ని రంపంతోనో టూల్‌తోనో తీసెయ్యాలి. కాస్టింగ్‌లో ఆకారం ముందే వచ్చేస్తుంది. కావాల్సిన ముఖాల మీద 2, 3 మిల్లీమీటర్లు తీస్తే చాలు. లోపలి మూలల్లో గుండ్రటి నిండుదనం, అవసరమైన చోట రిబ్బులు, స్క్రూ వెళ్లేచోట బొడిపె, ఇవన్నీ పోతలోనే వస్తాయి.

పోత ఇనుము లోపల గ్రాఫైట్ రేకులు ఉంటాయి. వాటివల్ల అది కంపనాన్ని మింగుతుంది, జారే ముఖాలు కొంతవరకు తమను తామే నునుపు చేసుకుంటాయి, కోత పొడిగానే చెయ్యొచ్చు. ఆగి ఆగి కొట్టే మిల్లింగ్ కోతకు, స్లైడింగ్ ముఖాలకు ఇంతకంటే హాయైన లోహం నాకు తెలియదు.

ఇక అది అడిగేది. కాస్టింగ్ మీద ఏ రెండు ముఖాలూ సమాంతరంగా ఉండవు. అచ్చులోంచి ప్యాటర్న్ తేలిగ్గా బయటికి రావడానికి ఒకటి రెండు డిగ్రీల వాలు ఇస్తారు. అచ్చు రెండు సగాలు కాస్త అటూ ఇటూ జరిగితే మధ్య గీత దగ్గర మెట్టు వస్తుంది. వైస్‌లో పెట్టి బిగిస్తే అది మూడు చోట్ల తప్ప ఎక్కడా ఆనదు. బలంగా బిగిస్తే వంగుతుంది. వంగిన ముక్కను చదునుగా కోసి వదిలితే తిరిగి తన ఆకారానికి వెళ్లిపోతుంది, మీ చదును పోతుంది. అందుకే కాస్టింగ్‌ని ఎప్పుడూ మూడు చోట్ల ఆనించి, సరిగ్గా ఆ మూడు చోట్లకు ఎదురుగా క్లాంపులు పెట్టాలి. ఇంకెక్కడైనా ఆధారం కావాలంటే చిన్న స్క్రూ జాక్‌ని కేవలం తాకేలా పెట్టాలి, లేపకూడదు.

పైపొర సంగతి ఇంకొకటి. ఇసుక రేణువులు అంటుకుని, త్వరగా చల్లారి గట్టిపడి ఉండే ఆ పొర మీద టూల్‌ని పైపైన గీకించారంటే పదును క్షణాల్లో పోతుంది. మొదటి కట్‌లోనే టూల్ మొన పైపొర కిందికి వెళ్లాలి, కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ లోతు. ఆ కట్ మొదలుపెట్టే ముందు అంచులన్నీ పాత ఆకురాయితోనో చేతి గ్రైండర్‌తోనో ఏటవాలుగా తీసెయ్యండి. టూల్ బయటికి వచ్చేచోట అంచు పెచ్చులూడకుండా ఉంటుంది. పలుచని మూలల దగ్గర ఇనుము మరీ వేగంగా చల్లారి గాజులా గట్టిపడుతుంది. పాత ఆకురాయితో రుద్ది చూస్తే తెలుస్తుంది: పట్టకుండా జారిపోతే అక్కడ చిల్ ఉన్నట్టు. ఒక మూలన కొద్దిగా ఉంటే గ్రైండర్‌తో తియ్యొచ్చు. డవ్‌టెయిల్ (ఏటవాలు పక్కలున్న జారే గట్టు) రావాల్సిన చోట ఉంటే ఆ కాస్టింగ్‌ని మార్చి ఇమ్మని అడగండి.

నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి చాలామంది అదే చేస్తారు. బాడీ కాస్టింగ్ చేతికి రాగానే దాని వెడల్పాటి వెనుక ముఖాన్ని ఫేస్‌ప్లేట్ వైపు తిప్పి, ముందు ముఖం అద్దంలా ఫేస్ చేశాను. చాలా సంతోషం వేసింది. ఆ ముఖం నుంచే మిగతా కొలతలన్నీ తీసుకున్నాను. చివరికి స్క్రూ కోసం పై బొడిపెలో రంధ్రం వేసే వేళకు అది బొడిపె మధ్యలో కాకుండా ఒక పక్కకు పోయింది. ఒకవైపు గోడ రెండు మిల్లీమీటర్లే మిగిలింది. కాస్టింగ్‌లో లోపం లేదు, అన్ని ముఖాల మీదా తగినంత లోహం ఉంది. దాన్ని సరిగ్గా పంచుకోకుండా ఒకే ముఖం మీద తీసేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. కాస్టింగ్‌కి పలుచగా సున్నం పూసి ఆరనిస్తాను. సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన పలక) మీద మూడు ఆధారాల మీద నిలబెడతాను. ముందుగా చివరిదాకా కొయ్యకుండా అలాగే ఉండిపోయే భాగాలను, అంటే బొడిపెను, రిబ్బును, బయటి గోడను చూస్తాను. వాటికి మధ్యగీత సరిపోయేలా ఆధారాలను పెంచీ తగ్గించీ సర్దుతాను. ఆ మధ్యగీత నుంచి సర్ఫేస్ గేజ్‌తో ప్రతి కోత గీతా గీసి, అన్నిచోట్లా గీత బయట లోహం ఉందో లేదో చూసుకున్నాకే డాట్ పంచ్ కొడతాను. కోత మొదలయ్యేది ఆ తర్వాతే. దీనికి ఒక సాయంత్రం పడుతుంది.

ఇంకో ఓపిక కూడా అవసరం. కాస్టింగ్ లోపల చల్లారేటప్పటి బిగువు మిగిలి ఉంటుంది, పైపొర తీయగానే అది కొంత కదులుతుంది. అన్ని ముఖాలూ అర మిల్లీమీటర్ మిగిలేలా రఫ్ కట్ చేసి, క్లాంపులు తీసేసి, కొన్ని రోజులు పక్కన పెట్టి, తర్వాత ఫినిష్ కట్ తియ్యండి. కొలిమి అందుబాటులో ఉన్నవాళ్లు 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి మెల్లగా చల్లారనిస్తే ఇంకా మంచిది.

నల్లటి దుమ్ము గురించి కూడా ఒక మాట. పోత ఇనుము రజను నూనెతో కలిస్తే సానపట్టే ముద్దలా తయారై బెడ్‌ని తినేస్తుంది. బెడ్ మీద నూనె తుడిచి, కాగితం అంటించి కప్పి, పొడిగా కొయ్యండి. గుడ్డ వద్దు, చక్‌కి చుట్టుకుంటుంది. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి.

దిమ్మ నుంచి కోస్తే

దిమ్మ చేతికి వచ్చేసరికే ముఖాలు దాదాపు చదునుగా, సమాంతరంగా ఉంటాయి. నాలుగు దవడల ఫోర్ జా చక్‌లో నిక్షేపంగా పడుతుంది. నేను మొదట అడిగిన ప్రశ్నకు దీని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కాస్టింగ్‌లో సమయమంతా బిగింపుకి పోతే, దిమ్మలో కోతకి పోతుంది. తప్పు జరిగితే ఇంకో ముక్క కోసుకోవచ్చు. కాస్టింగ్ పాడైతే మళ్లీ తెప్పించుకునేదాకా మొత్తం పని ఆగిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ల మనసు మీద ఆ టెన్షన్ తక్కువేం కాదు.

దిమ్మల్లో నాకు బాగా నచ్చింది కంటిన్యువస్ కాస్ట్ ఐరన్ బార్. ఇసుక అచ్చులో కాకుండా నీటితో చల్లబరిచే డై గుండా లాగుతూ పోసిన బీడు ఇది. ఇసుక ఉండదు, గుల్లలు చాలా అరుదు, లోపల సన్నటి రేణువు. పోత ఇనుము గుణాలన్నీ ఉండి, ఇసుక పోతలో ఉండే తలనొప్పులు చాలావరకు లేని సరుకు. టేబుల్‌కీ బాడీకీ, అంటే పలకలా ఉండే ముక్కలకు, దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఎల్ బ్రాకెట్‌కి మాత్రం పైన చెప్పిన 3.9 కిలోల లెక్క అడ్డొస్తుంది.

ఉక్కు దిమ్మ అయితే ఒక జాగ్రత్త. మెరిసే బ్రైట్ బార్‌ని చల్లగా లాగి తయారుచేస్తారు కాబట్టి దాని పైపొరలో బిగువు ఉంటుంది. ఒకవైపు కోసి వదిలారంటే అరటిపండులా వంగుతుంది. టేబుల్ లాంటి పలుచటి ముక్కకి నల్లటి పొరతో వచ్చే హాట్ రోల్డ్ ప్లేట్ తీసుకోండి, రెండువైపులా సమానంగా కొయ్యండి. ఉక్కు మీద ఉక్కు జారే ముఖాలు సరిగ్గా నూనె అందకపోతే ఒరుసుకుంటాయి. గిబ్ స్ట్రిప్‌ని ఇత్తడితో చేస్తే ఆ బాధ తగ్గుతుంది.

బోల్టులు, వెల్డింగ్, అల్యూమినియం

బ్రాకెట్‌ని రెండు ప్లేట్లుగా చేసి మధ్యలో త్రికోణపు రిబ్బు పెట్టి బోల్టులతో కలపడం చిన్న లేత్ ఉన్నవాళ్లకు చాలా అందుబాటైన దారి. ప్రతి ప్లేటూ విడిగా చక్‌లో పడుతుంది. బలం ప్లేట్లలో కాదు, కలిసే ముఖాల్లో ఉంటుంది. ఆ ముఖాలు పూర్తిగా ఆనాలి, రంగు పూసి చూసి ఆకురాయితోనైనా సరిచెయ్యాలి. ఎం8 బోల్టులు, పక్కనే రెండు డోవెల్ పిన్నులు (ముక్కలు జరగకుండా రంధ్రంలో బిగువుగా దిగేవి). డోవెల్ లేకుండా బోల్టుల మీదే వదిలేస్తే నాలుగు గట్టి కట్లకు బ్రాకెట్ జరుగుతుంది. వెల్డింగ్ చేస్తే అతుకు బలంగా ఉంటుంది కానీ వేడికి తప్పకుండా లాగుతుంది. వెల్డ్ చేశాక మళ్లీ ముఖాలన్నీ కొయ్యాలి. అంటే కాస్టింగ్‌తో వచ్చే పట్టు సమస్య తిరిగి ఇంటికి వస్తుంది. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్లకు తప్ప ఈ దారిని నేను సూచించను.

అల్యూమినియం మెత్తన కదా, వంగిపోదా అని చాలామంది అడుగుతారు. స్థితిస్థాపక గుణకం చూస్తే ఉక్కుకి 200 గిగాపాస్కల్స్, బీడుకి రకాన్ని బట్టి 100కి అటూ ఇటూ, అల్యూమినియంకి 70. కానీ వంపుని ఆపే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. ఉక్కు ప్లేట్ కంటే ఒకటిన్నర రెట్లు మందంగా అల్యూమినియం పెడితే ఉక్కు కంటే తక్కువ వంగుతుంది, బరువు మాత్రం సగమే. కాబట్టి బ్రాకెట్‌కి అల్యూమినియం వద్దనడానికి వంపు కారణం కాదు. అసలు ఇబ్బంది మరల దగ్గర ఉంది. అల్యూమినియంలో ట్యాప్ చేసిన మర తొందరగా చెడుతుంది, అందుకే మర లోతు బోల్టు వ్యాసానికి రెట్టింపు ఉండాలి. తరచూ విప్పి బిగించే చోట స్టీల్ ఇన్సర్ట్ వేసుకోవాలి. ఇక అల్యూమినియం మీద అల్యూమినియం జారనివ్వకూడదు, పట్టేస్తుంది. జారే చోట బీడు స్ట్రిప్పులు బిగించుకోవాలి.

సొంత ప్యాటర్న్ చేసి పోయించుకోవడం

ఇది నాకు ఎంతో ఇష్టమైన దారి, కానీ మొదటి పనికి చెప్పను. చెక్కతో ప్యాటర్న్ చేసి ఫౌండ్రీకి ఇస్తే మీ లేత్‌కి సరిపోయే సైజులో కాస్టింగ్ వస్తుంది. చల్లారేటప్పుడు బీడు సుమారు 1 శాతం, అల్యూమినియం సుమారు 1.3 శాతం కుంచించుకుపోతాయి. కాబట్టి బీడులో 100 మిల్లీమీటర్లు రావాలంటే ప్యాటర్న్ 101 ఉండాలి, దానిపైన మెషినింగ్ కోసం 3. పక్కలకు వాలు, లోపలి మూలల్లో గుండ్రం, అన్నిచోట్లా ఇంచుమించు ఒకే మందం. మందం ఒక్కసారిగా మారే చోట గుల్లలు, చిల్ వస్తాయి.

ప్యాటర్న్ మీ చేతిలో ఉండటంలోని అసలు లాభం వేరే ఉంది. కాస్టింగ్‌ని పట్టుకోవడానికి వీలుగా దాని మీద ఒక గుండ్రటి బొడిపెను అదనంగా పెట్టుకోవచ్చు. చక్‌లో ఆ బొడిపెను పట్టి ముఖం ఫేస్ చేసి, పనంతా అయ్యాక దాన్ని కోసి పారెయ్యొచ్చు. పట్టు సమస్యను చెక్క దశలోనే తీర్చుకున్నట్టు. పోయించేటప్పుడు రెండు పోయించుకోండి. రెండోది పాడైనప్పుడు పనికొస్తుంది, పాడవకపోతే స్నేహితుడికి పనికొస్తుంది.

ఇంట్లోనే అల్యూమినియం కరిగించి పోసేవాళ్లూ ఉన్నారు. 660 డిగ్రీల దగ్గర కరిగే లోహం కాబట్టి చిన్న కొలిమి సరిపోతుంది. కానీ తడి ఇసుక ఎక్కువ తడిగా ఉన్నా, మూసలో వేసే ముక్కకి చెమ్మ ఉన్నా ఆవిరి పేలి కరిగిన లోహం మన మీద పడుతుంది. అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోకుండా దీన్ని మొదలుపెట్టకండి. ఇనుము పోత ఇంటి పని కాదు.

డవ్‌టెయిల్ దగ్గర అన్ని దారులూ కలుస్తాయి

ఏ ముక్క నుంచి మొదలుపెట్టినా బాడీకీ టేబుల్‌కీ మధ్య జారే ముఖాలు చెయ్యక తప్పదు. ఇక్కడ ఒక మధ్యరకం సరుకు గురించి చెప్పాలి. కొందరు కాస్టింగులను డవ్‌టెయిల్ వరకు కోసి, మిగతాది మనకి వదిలి అమ్ముతారు. స్వింగ్ చాలని లేత్ ఉన్నవాళ్లకు ఇది మంచి బేరం. మొదటి చదును ముఖం వాళ్లే తెచ్చిపెడతారు. చేతికి రాగానే డవ్‌టెయిల్ వెడల్పు రెండు చివరలా ఒకటేనా అని కొలవండి. ఒకే వ్యాసం గల రెండు గట్టి రాడ్లను బాడీ డవ్‌టెయిల్ మూలల్లో ఆనించి వాటి బయటి నుంచి బయటికి మైక్రోమీటర్‌తో చూడాలి. 60 డిగ్రీల డవ్‌టెయిల్‌కి ఆ కొలత, సన్నటి అడుగు వెడల్పు కంటే రాడ్ వ్యాసానికి 2.732 రెట్లు ఎక్కువ ఉంటుంది. 6 మిల్లీమీటర్ల రాడ్లయితే 16.39 కలపాలి. రెండు చివరల మధ్య తేడా ఉందంటే డవ్‌టెయిల్ సన్నబడుతోందన్నమాట. గిబ్ స్ట్రిప్ ఆ తేడాని దాచలేదు. ఒక చివర బిగుసుకుని ఇంకో చివర వదులవుతుంది.

డవ్‌టెయిల్ కట్టర్ లేకపోతే దాన్ని వదిలెయ్యండి. టేబుల్ వెనుక దీర్ఘచతురస్రపు గట్టు, రెండు పక్కలా కింద నుంచి పట్టుకునే స్ట్రిప్పులు, ఒకవైపు సర్దుకునే గిబ్. అన్నీ తిన్నని ముఖాలే. ఆకురాయి, స్క్రేపర్, ఓపిక ఉంటే చేతితోనైనా సరిచెయ్యొచ్చు. సొగసు కొంచెం తక్కువ, గట్టితనంలో ఏ లోటూ లేదు. టేబుల్ మీద టీ స్లాట్ల గురించీ ఇదే మాట. పలుచటి టేబుల్‌లో టీ స్లాట్ కోస్తే దాని పెదవి పలుచనై, గట్టిగా బిగించినప్పుడు బీడు విరిగిపోతుంది. 20 మిల్లీమీటర్ల దూరంలో ఎం6 మర రంధ్రాలు వరసగా వేసుకుంటే చిన్న టేబుల్‌కి అదే మేలు. ట్యాపింగ్ డ్రిల్ 5 మిల్లీమీటర్లు.

అయితే ఎవరు ఏది తీసుకోవాలి

అన్నిటికంటే ముందు, మీ లేత్ కంపౌండ్ స్లైడ్‌ని (క్రాస్ స్లైడ్ మీద టూల్‌ని మోసే చిన్న స్లైడ్) విప్పి యాంగిల్ ప్లేట్ మీద నిలువుగా బిగించే వీలుందేమో చూడండి. చాలా లేత్‌లకు ఉంటుంది. డవ్‌టెయిల్, స్క్రూ, డయల్ అన్నీ అందులోనే ఉన్నాయి. మీరు చెయ్యాల్సింది ఒక్క బ్రాకెట్. ప్రయాణం తక్కువే, పెద్ద కట్లు పడవు. కానీ అసలు వర్టికల్ స్లైడ్ ముక్కల మీద స్లాట్లూ మెట్లూ కోసుకోవడానికి చక్కగా సరిపోతుంది. నేను మళ్లీ మొదటి నుంచి చేస్తే ఇక్కడే మొదలుపెడతాను.

తర్వాత పూర్తి స్లైడ్‌కి వస్తే, బ్యాక్ గేర్ ఉండి స్వింగ్ 200 మిల్లీమీటర్లు దాటిన లేత్ అయితే కాస్టింగ్ సెట్ తీసుకోండి, నిరాశ ఉండదు. స్వింగ్ అంతకు తక్కువైనా క్రాస్ స్లైడ్‌కి టీ స్లాట్లు ఉంటే ఫ్లై కట్టర్ నమ్ముకుని కాస్టింగ్ తీసుకోవచ్చు. రెండూ లేకపోతే కంటిన్యువస్ కాస్ట్ బార్‌తో బాడీ, టేబుల్ చేసి, బ్రాకెట్‌ని ప్లేట్లతో బిగించుకోండి. ఇప్పుడు నా లేత్ మీద ఉన్నది వీటి కలయికే: బ్రాకెట్ కాస్టింగ్, బాడీ, టేబుల్ బార్ నుంచి కోసినవి, గిబ్ ఇత్తడి, నట్ గన్‌మెటల్. ఒకే దారిని చివరిదాకా పట్టుకు వేలాడాల్సిన పనిలేదు.

వర్టికల్ స్లైడ్ కాకుండా వేరే అటాచ్‌మెంట్ అయితే లెక్క మారుతుంది. వెనుక టూల్ పోస్ట్ అసలే దిమ్మ ఆకారం, దానికి కాస్టింగ్ కొనడం వృథా. స్టెడీ రెస్ట్ (పొడవాటి జాబ్‌ని మధ్యలో ఆనించే ఆధారం) ఉంగరంలా ఉంటుంది, దానికి కాస్టింగ్ ఎంతో మేలు. కాస్టింగ్ ఎప్పుడూ కొయ్యనివాళ్లు మొదట చక్ బ్యాక్‌ప్లేట్ (చక్‌ని స్పిండిల్‌కి కలిపే పలక) చెయ్యండి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంచుని చక్‌లో పట్టి వెనుక బొడిపెను బోర్ చేసి మర కొయ్యొచ్చు, తర్వాత దాన్నే సొంత స్పిండిల్‌కి బిగించి ముందు ముఖం తిప్పొచ్చు. పైపొర ఎలా ఉంటుందో, టూల్ ఎలా మొద్దుబారుతుందో, దుమ్ము ఎక్కడెక్కడికి చేరుతుందో ఈ ఒక్క జాబ్‌తో చేతికి తెలిసిపోతుంది.

స్లైడ్ తయారై బిగించాక డయల్ గేజ్ తీసుకోండి. దాన్ని బెడ్ మీద నిలబెట్టి మొన టేబుల్ పైభాగానికి తాకించి, టేబుల్‌ని బొటనవేలితో స్పిండిల్ వైపు నుంచి గట్టిగా నెట్టి చూడండి. ముల్లు ఎంత కదిలిందో రాసుకోండి. తర్వాత మొనను బాడీకి, ఆ తర్వాత బ్రాకెట్ పైభాగానికి, చివరగా క్రాస్ స్లైడ్‌కి తాకించి అలాగే నెట్టండి. ఏ రెండు చోట్ల మధ్య తేడా ఎక్కువగా కనబడితే ఆ అతుకు దగ్గర ఇంకా పని మిగిలి ఉంది. బాడీ, టేబుల్ మధ్య అయితే గిబ్ స్క్రూలు సర్దాలి. బ్రాకెట్ అడుగున అయితే ముఖానికి రంగు పూసి ఎక్కడ ఆనడం లేదో చూసి గీకాలి. క్రాస్ స్లైడే కదులుతుంటే ముందు లేత్ గిబ్బులు బిగించాలి. నా దానికి తేడా బ్రాకెట్ అడుగునే దొరికింది, ఒక పూట స్క్రేపింగ్‌తో పోయింది.